దోమతెరల సంతకాలు

నా బీరువాలో ఒక జిరాక్స్ కాగితం ఉంది. ఏజెన్సీలో ఒక చిన్న గూడెం తాలూకు గ్రామసభ మినిట్స్ బుక్కులో పేజీ అది. పైన తేదీ, కింద నాలుగు వాక్యాలు, ఆ కింద 47 వేలిముద్రలు, 11 సంతకాలు. చివరి వాక్యం ఇలా ఉంటుంది: "సదరు ప్రాజెక్టు నిమిత్తము అటవీ భూమి బదలాయింపునకు గ్రామసభ సభ్యులకు ఎటువంటి అభ్యంతరము లేదని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ఆ కాగితం పట్టుకుని గూడెం వెళ్ళాను. తేదీ చదివి వినిపిస్తే ఒక పెద్దావిడ వేళ్ళు మడిచి ఏవో సంతలు లెక్కపెట్టుకుని, "ఆ రోజు మాకు దోమతెరలు ఇచ్చినారు గదా బాబూ" అంది. పక్కనున్న వాళ్ళంతా అవునన్నారు. జీపు వచ్చింది, రచ్చబండ దగ్గర తెరలు పంచారు, తెర ఇచ్చినప్పుడల్లా పుస్తకంలో ఒక వేలిముద్ర వేయించుకున్నారు. పై భాగం అప్పటికి ఖాళీగా ఉందో, రాసి ఉందో ఎవరూ చూడలేదు. చూసినా, సంతకం గీయడం కొందరికి వచ్చు గానీ, ఆ గూడెంలో తెలుగు చదవగలిగిన వాళ్ళు ముగ్గురే, ఆ ముగ్గురూ ఆ రోజు కూలికి వెళ్ళారు. "మరి మా పేర్లు ఏటికి రాసుకున్నారు బాబూ?" అని ఆవిడ అడిగింది. తెరకి లెక్క చూపించడానికి అన్నాను. అబద్ధమేం కాదు గానీ సగమే నిజం.

కేసు ఇంకా నడుస్తోంది, అందుకని ఊరి పేరు, శాఖ పేరు రాయను. ఎవరి పేరో బయటపెట్టడం ఇక్కడ నా ఉద్దేశం కూడా కాదు. పదిహేనేళ్ళుగా కింద నుంచి కొండెక్కి దిగుతున్న లాయర్ని, ఇన్నేళ్ళలో నాకు బాగా మింగుడుపడని సంగతి ఒకటుంది, అది చెప్పాలని. ఈ దేశంలో గిరిజన ప్రాంతాలకి ఉన్నన్ని మంచి చట్టాలు, మంచి తీర్పులు ఇంకెవరికీ లేవేమో. అయినా భూమి పోతోంది, కొండ పోతోంది. ఎక్కడ పోతోందా అని వెనక్కి వెతుక్కుంటూ వెళితే చాలాసార్లు సుప్రీంకోర్టు దాకా పోనక్కరలేదు, ఆ మినిట్స్ బుక్కు దగ్గరే ఆగిపోతాం. అక్కడ ఏం రాశారో, ఎవరు రాశారో, రాసేటప్పుడు ఎవరు పక్కనున్నారో, అదే కేసు. మిగతాదంతా దాని మీద వాదన.

సమత తీర్పు గురించి మన దగ్గర ఎవరిని అడిగినా కాస్త ఛాతీ విరిచి చెబుతారు. చెప్పుకోవాల్సిందే. 1997 జులై 11. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గూడేల్లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది, హైకోర్టులో 1995లో ఓడిపోయింది, సుప్రీంకోర్టులో గెలిచింది. వాదన అంతా ఒక చిన్న మాట చుట్టూ తిరిగింది. మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటామే, అంటే 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించిన చట్టం, దాని ప్రకారం ఏజెన్సీలో ఏ "వ్యక్తి" అయినా, గిరిజనుడైనా కాకపోయినా, గిరిజనేతరుడికి భూమి బదలాయిస్తే అది చెల్లదు. ప్రభుత్వం ఏమందంటే, ఇది నా భూమి, నేను వ్యక్తిని కాను కదా, నాకు ఈ నిషేధం ఎందుకు వర్తిస్తుంది అంది. కంచే చేను మేస్తానంటే ఎలా అన్నట్టు కోర్టు జవాబిచ్చింది: ఇక్కడ వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ జి.బి. పట్నాయక్ రెండోవైపు. ఇద్దరికి ఒక్కరు. ప్రైవేటు లీజులు చెల్లవన్నారు. ప్రభుత్వ ఖనిజ సంస్థ గానీ, గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చన్నారు. తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టమన్నారు.

ఆ "ప్రభుత్వ సంస్థ తవ్వుకోవచ్చు" అన్న కిటికీ చూశారా, దానిలోంచే 2005 తర్వాత బాక్సైట్, అంటే అల్యూమినియం ఖనిజం, కథ మళ్ళీ మొదలైంది. తవ్వేది ప్రభుత్వ సంస్థ, కొండ కింద శుద్ధి కర్మాగారం పెట్టేది ప్రైవేటు వాళ్ళు, మధ్యలో ఒప్పందం. కాగితం మీద సమత తీర్పుకి ఎక్కడా భంగం లేదు! 2015 నవంబరులో జీఓ 97 వచ్చింది, చింతపల్లి వైపు అడవిలో 1,212 హెక్టార్లు బాక్సైట్ కోసం బదలాయిస్తూ. ఏజెన్సీ అంతా గోలెత్తిపోతే పక్కన పెట్టారు, చివరికి 2019లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. అంటే పదిహేనేళ్ళ పాటు చింతపల్లి వైపు ఆ జర్రెల కొండల్ని కాపాడింది తీర్పు ఒక్కటే కాదు, జనం వీధుల్లోకి రావడం, ఎన్నికలు, ఇంకా రకరకాల రాజకీయాలు. ఇదంతా ఎందుకంటే, సమత తీర్పు భూమి ఎవరికి పోకూడదో చెప్పింది. ఊరి వాళ్ళని అడగాలా వద్దా, అడిగితే వద్దంటే ఏమవుతుంది అన్నది ఆ కేసులో అసలు ప్రశ్న కాదు. ఈ తేడా మా లాయర్లలోనే చాలామందికి పట్టదు. 2001లో బాల్కో అనే ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ వాటా అమ్మకం కేసులో సుప్రీంకోర్టే సమత మెజారిటీ తీర్పు మీద మాకు గట్టి సందేహాలున్నాయి అని రాసింది, ఛత్తీస్‌గఢ్‌లో చట్టం వేరు కాబట్టి అక్కడ వర్తించదంది. సమత అనగానే అన్ని తాళాలూ పడ్డట్టే అనుకునే వాళ్ళు ఈ పేజీలు కూడా చదవాలి.

ఊరిని అడగాలన్నది 1996 పీసా చట్టం నుంచి వచ్చింది, అంటే పంచాయతీ వ్యవస్థని గిరిజన ప్రాంతాలకి విస్తరించిన చట్టం. షెడ్యూల్డు ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల, అభివృద్ధి ప్రాజెక్టుకి భూమి సేకరించే ముందు గ్రామసభని గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ "సంప్రదించాలి" అంటుంది. సంప్రదించడం. ఈ మాట మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. మన పెద్దిళ్ళలో ఒకప్పుడు సంబంధాలు కుదిర్చేటప్పుడు జరిగేదే ఇది. పిల్లని అడిగారా అంటే అడిగాం అంటారు. ఒప్పుకుందా అంటే, అడిగాం కదండీ అంటారు. అడగడమే వాళ్ళ లెక్కలో పని పూర్తి. పైగా "గ్రామసభ గానీ తగిన స్థాయి పంచాయతీ గానీ" అన్న చోట మన రాష్ట్రం 1998లో చట్టం సవరించుకున్నప్పుడు భూసేకరణ సంప్రదింపుని మండల పరిషత్తు దగ్గర పెట్టింది. మండలాఫీసు గూడేనికి ఎంత దూరమో ఏజెన్సీ తెలిసిన వాళ్ళకి చెప్పక్కరలేదు. బస్సు దిగి నడిచే దూరం వేరు, మాట వినిపించే దూరం వేరు.

తర్వాత మాట మారింది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకి అడవిని కాపాడుకునే అధికారం ఇచ్చింది, హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదంది. 2009 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చి, అటవీ భూమి బదలాయించాలంటే గ్రామసభ సమ్మతి కాగితం జతచేయమంది. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంది. సంప్రదింపు పోయి సమ్మతి వచ్చింది. ఒక్క అక్షరం బరువెక్కితే ఎంత తేడా వస్తుందో 2013లోనే నియమగిరిలో చూశాం.

నియమగిరి కథ అందరికీ ముక్కలు ముక్కలుగా తెలుసు, ఒడిశాలో డోంగ్రియా కోందులు బాక్సైట్ కంపెనీని వెళ్ళగొట్టారని. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఏమందో మాత్రం ఎక్కువమంది చదవలేదు. మైనింగ్ వద్దు అని కోర్టు అనలేదు. గ్రామసభలు పెట్టి, వాళ్ళ హక్కుల సంగతి, వాళ్ళ కొండదేవుడు నియమరాజు పూజకి దెబ్బ తగులుతుందా లేదా అన్న సంగతి వాళ్ళనే తేల్చమనండి అంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి వాక్యం. జిల్లా జడ్జి హోదా ఉన్న న్యాయాధికారి ఒకరు ప్రతి సభలో పరిశీలకుడిగా కూర్చోవాలి, కంపెనీ ఒత్తిడి గానీ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఒత్తిడి గానీ లేకుండా సభ జరిగిందని మినిట్స్ మీద సంతకం పెట్టాలి. మినిట్స్ మీద! అంత పెద్ద కోర్టు, అంత పెద్ద కంపెనీ, 7 కోట్ల టన్నుల పైచిలుకు బాక్సైట్, అన్నీ కలిసి ఆఖరికి వచ్చి ఆగింది మా గూడెం పెద్దావిడ వేలిముద్ర వేసిందే, అలాంటి పుస్తకం దగ్గరే. రాష్ట్ర ప్రభుత్వం వందకు పైగా ఊళ్ళలోంచి 12 ఊళ్ళే ఎంచింది, అదీ గొడవే అయింది. జులై 18న మొదటి సభ, ఆగస్టు 19న పన్నెండోది. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ సభలు మళ్ళీ పెట్టించండి అని ఒడిశా మైనింగ్ సంస్థ 2016లో సుప్రీంకోర్టుకి పోతే కోర్టు ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటుంది, ప్రతి పేజీ మీద జడ్జి సంతకం ఉందాయె.

అయితే ఇదే నియమగిరిని మా వాళ్ళు ప్రతి మీటింగులోనూ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు, నాకు చిరాకేస్తుంది. ఆ పన్నెండు ఊళ్ళకి జడ్జి దొరికింది సుప్రీంకోర్టు ఆర్డరేసింది కాబట్టి. మామూలు ఊరికి ఎవరు దొరుకుతారు? పంచాయతీ కార్యదర్శి ఒక్కడు వస్తాడు, అతనికి పై నుంచి ఫోన్లు, ఐదు గూడేలకి ఒకే కార్యదర్శి, సాయంత్రంలోగా కాగితం పంపాలి. అతని మీద నాకు కోపం లేదు, నిజానికి జాలి.

2022లో అటవీ సంరక్షణ నిబంధనలు కొత్తగా వచ్చాయి. కేంద్రం తుది అనుమతి ఇచ్చేసినా ఫర్వాలేదు, అటవీ హక్కుల పని రాష్ట్రం తర్వాత చూసుకుని ఆర్డరిస్తుంది అన్నట్టుగా వరస మార్చారు. జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్ అభ్యంతరం చెప్పింది కూడా. ఇందాకటి పెళ్ళి మాటలోనే చెప్పాలంటే ఇది పందిరి వేసి, శుభలేఖలు పంచి, బంధువులంతా దిగాక పిల్ల గదిలోకి వెళ్ళి ఇష్టమేనా అమ్మా అని అడగడం. అప్పుడు ఆ పిల్ల వద్దనగలదా? అనగలదు, చట్టం ప్రకారం.

ఇంకో గందరగోళం ఉంది. పబ్లిక్ హియరింగ్, అంటే ప్రజాభిప్రాయ సేకరణ, దాన్నీ గ్రామసభనీ ఒకటే అనుకుంటారు. అధికారులు కావాలనే కలిపేస్తారా, వాళ్ళకీ తెలియదా అన్నది నేను తేల్చుకోలేకపోయాను. ప్రజాభిప్రాయ సేకరణ 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద కాలుష్య నియంత్రణ మండలి పెట్టేది. కలెక్టరు గానీ ఆయన పంపినవాళ్ళు గానీ అధ్యక్షత వహిస్తారు, షామియానా ఉంటుంది, పోలీసులుంటారు, వీడియో తీస్తారు. దానికి కోరం అక్కర్లేదని ఆ నోటిఫికేషన్లోనే ఉంది. ఇద్దరొచ్చినా సభ సభే. అక్కడ ఓటింగు కూడా ఉండదు, అభిప్రాయాలు రాసుకుంటారు అంతే. గ్రామసభ అలా కాదు. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గూడెంలో వయోజనుల్లో సగం మంది ఉండాలి, వచ్చిన వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. మొదటిదానిలో మీరు మాట్లాడతారు, రెండోదానిలో మీరు నిర్ణయిస్తారు. షామియానా కింద గట్టిగా అరిచేసి, మేం వద్దన్నాం, పని అయిపోయిందనుకుని ఇంటికొచ్చిన ఊళ్ళని నేను చూశాను. ఆ అరుపులు వీడియోలో ఉన్నాయి. అభ్యంతరం లేదన్న తీర్మానం ఫైల్లో ఉంది. ఢిల్లీలో కూర్చున్నవాడు ఫైలే చూస్తాడు.

ఇక నా సొంత తప్పు సంగతి, దీన్ని దాచిపెట్టి ఈ వ్యాసం రాస్తే బావుండదు.

దోమతెరల కాగితం దొరికిన ఉక్రోషంలో, పక్క గూడేల్లో అయినా గట్టి తీర్మానాలు చేయించాలని టౌన్లో నా ఆఫీసులో కూర్చుని ఒక తీర్మానం డ్రాఫ్ట్ చేశాను. అద్భుతంగా వచ్చిందనుకున్నాను. గిరిజన ప్రాంతాల గురించి రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూలు, 244వ అధికరణ, సమత, నియమగిరి, అన్నీ పేర్చి రెండు పేజీలు. నాలుగు ప్రింట్లు తీసి నాలుగు గూడేల్లో చదివి వినిపించాను, వేలిముద్రలు వేయించాను. వాళ్ళు నా మీద నమ్మకంతో వేశారు. అప్పుడు నాకు తట్టనే లేదు, దోమతెర పట్టుకొచ్చిన జీపుకీ కాగితం పట్టుకొచ్చిన నాకూ ఆ పెద్దావిడ దృష్టిలో తేడా ఏముందని. నెల తర్వాత ఒక అధికారి ఆ నాలుగు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, "లాయరు గారూ, నాలుగు గూడేలూ పర్యావరణం అన్న మాట ఒకే చోట ఒకేలా తప్పు రాశాయండీ" అన్నాడు. నిజమే, టైపింగ్‌లో ణ బదులు న పడింది. నాలుగింటిలోనూ. ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ నాకు చెవులు కాలిపోయాయి. ఆ తీర్మానాలకి అక్కడితో నీళ్ళొదిలేశాం.

రెండోసారి వెళ్ళినప్పుడు నేను పెన్ను తీయలేదు. సభ మూడు గంటలు నడిచింది, ఎక్కువ వాళ్ళ భాష కువిలో. ఒక కుర్రాడు, ఐటీడీఏ వాళ్ళ గిరిజన హాస్టల్లో చదివినవాడు, తెలుగులో చెబుతుంటే ఇంకో అమ్మాయి రాసింది. ఒక ముసలాయన లేచి ఏవో పేర్లు చదివినట్టు వరసగా చెప్పాడు. దేవుళ్ళ పేర్లేమో అనుకున్నాను. కావు, గెడ్డల పేర్లు, అంటే కొండవాగులు. ఆ కొండ మీద పుట్టి కిందికి దిగే గెడ్డలు తొమ్మిది, ఏది ఏ నెల దాకా పారుతుంది, ఏ గెడ్డ కింద ఎవరి మడి ఉంది, ఏది ఏ ఏడు ఎండింది, ఆ ఏడు ఏం జరిగింది. బాక్సైట్ పొర వాన నీళ్ళని స్పాంజిలా పట్టి ఉంచి ఏడాది పొడుగునా ఊటలుగా వదులుతుందని నేను రిపోర్టుల్లో చదివాను. ఆయనకి రిపోర్టు అక్కర్లేదు. ఆ అమ్మాయి తొమ్మిది పేర్లూ రాసింది, తీర్మానంలో సగం అదే. ఐదో షెడ్యూలు ఊసే లేదు అందులో. నా కెరీర్‌లో నేను కోర్టులో పెట్టిన కాగితాల్లో అవతలి లాయరు నోరు మెదపలేకపోయింది ఆ ఒక్కదాని మీదే.

అటవీ హక్కుల నిబంధనల్లోనే ఉంది, పెద్దలు చెప్పిన మాటని రాసుకుంటే అది సాక్ష్యం. కెనడాలో దీనికోసం పెద్ద యుద్ధమే జరిగింది. గిట్‌క్సాన్ అనే అక్కడి ఆదివాసులు తరతరాలుగా నోటితో చెప్పుకుంటూ వచ్చిన చరిత్రని కింది కోర్టు తేలిగ్గా తీసేస్తే, అక్కడి సుప్రీంకోర్టు డెల్గమూక్ కేసులో దాన్ని రాతపూర్వక సాక్ష్యంతో సమానంగా చూడాలంది. అదీ 1997లోనే, డిసెంబరు 11, సమత తర్వాత సరిగ్గా ఐదు నెలలకి. తర్వాత 2004లో హైదా కేసులో, హక్కు ఇంకా రుజువు కాకపోయినా సరే ప్రభుత్వం ముందుగా సంప్రదించి తీరాలంది, కాకపోతే అది వద్దనే అధికారం కాదు అని కూడా అంది. దాంతో అక్కడ సంప్రదింపు లాయర్లని ఒక జాతే పుట్టింది. మనకి కనీసం ఆ జాతి కూడా పుట్టలేదు. ఇటు కంపెనీకి మొదటి రోజు నుంచీ లాయరుంటాడు, కన్సల్టెంటు ఉంటాడు, ఏ కాగితం ఏ నెలలో కావాలో చార్టు ఉంటుంది. గూడేనికి లాయరు వచ్చేది అంతా అయ్యాక, జిరాక్స్ పట్టుకుని, నాలాగ.

దీనికి కొత్త చట్టం ఏం అక్కర్లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు తెగల వాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. మనం దాన్ని జైలు కేసులకీ, మనోవర్తి కేసులకీ పరిమితం చేసి పెట్టుకున్నాం. సభకి వారం ముందు ఒక లాయరుని గూడేనికి పంపి, అదే ప్రాజెక్టు సంగతి వాళ్ళ భాషలో ఒకరి చేత చెప్పించి, సభ రోజు పక్కన కూర్చోబెట్టడానికి ఏం అడ్డు? నియమగిరికి జడ్జిని పంపగలిగిన వ్యవస్థ ఒక ప్యానెల్ లాయరుని పంపలేదా? లాయరు వస్తే ఊరిని రెచ్చగొడతాడు అంటారు. రెచ్చగొట్టేవాడు ఎలాగూ వస్తాడండీ, ఆపలేరు.

నేను చెప్పే సలహా ఇప్పుడు చాలా చప్పగా ఉంటుంది, వినేవాళ్ళకి నిరాశ. సభ పంచాయతీది కాదు, మీ గూడేనిది, పీసా ప్రకారం గూడెమే ఊరు. నోటీసు నోటిమాటగా వస్తే కాగితం అడగండి. తీర్మానం రాశాక గట్టిగా చదివించండి, మీ భాషలో ఇంకోసారి చెప్పించండి. చివరి వాక్యం కింద గీత కొట్టించి, మిగిలిన ఖాళీలో అడ్డగీత వేయించి, అప్పుడు వేలిముద్ర వేయండి. సంతకాల పేజీ విడిగా ఉంటే దాని నెత్తిన కూడా విషయం రాయించండి. ఫోన్లో ఫొటో తీయండి. తర్వాత కాపీ కావాలంటే సమాచార హక్కు కింద ఊరి స్థాయిలో మన దగ్గర ఫీజు కూడా లేదు, మండలంలో 5 రూపాయలు. బియ్యం ఇచ్చినా, దోమతెర ఇచ్చినా, ఆరోగ్య శిబిరం పెట్టినా, ఏ పుస్తకంలో ముద్ర వేయిస్తున్నారో అట్ట చూడండి. ఇదంతా లా కాలేజీలో ఎవరూ నేర్పరు.

ఇది చెప్పినంత తేలిక కాదు, అందరూ వద్దనే అంటారని కూడా కాదు. ఒక ఊళ్ళో సభలో సగం మంది ఒప్పుకుందాం అన్నారు. ఈసారి బాక్సైట్ కాదు, పంప్డ్ స్టోరేజ్ అని కొండ మీదో చెరువు, కిందో చెరువు, నీళ్ళు పైకి తోడి కరెంటు చేస్తారట, ఈ మధ్య ఏజెన్సీలో ఎక్కడ విన్నా అదే మాట. వాళ్ళెందుకు ఒప్పుకుందాం అన్నారంటే రోడ్డు వేస్తామన్నారని. కాన్పు నొప్పులొచ్చిన పిల్లని డోలీ కట్టి ఏడు కిలోమీటర్లు మోసుకెళ్ళిన ఊరది. నాతో వచ్చిన ఉద్యమ మిత్రుడు అమ్ముడుపోయారని చిరాకుపడ్డాడు. నాకు అతని మీద కోపమొచ్చింది. ముప్ఫై ఏళ్ళు రోడ్డు వేయకుండా ఊరుకుని, ఇప్పుడు కొండ ఇస్తే వేస్తాం అంటే, వాళ్ళు రోడ్డు అడిగారు అంతే. సమ్మతికి ముందు స్వేచ్ఛగా అన్న మాట ఒకటి వాడతారే, డోలీ భుజాన ఉన్నవాడికి ఏ స్వేచ్ఛ? నేను చెప్పింది ఒక్కటే, రోడ్డు మీకు రావాల్సింది, దానికి ఖరీదు కట్టొద్దు, రోడ్డు అడిగే తీర్మానం వేరే పేజీలో రాయించండి, ప్రాజెక్టు సంగతి వేరే పేజీలో. ఒప్పుకుంటే ఏ షరతుల మీద ఒప్పుకుంటున్నారో ఒక్కొక్కటీ అందులోనే ఉండాలి, నోటిమాట లెక్కలోకి రాదు. వద్దంటే ఎందుకు వద్దో ఉండాలి. ఏమంటారన్నది మీ ఇష్టం. నా మిత్రుడు దారంతా మాట్లాడలేదు. ఆ ఊరు ఆఖరికి ఏమంటుందో నాకు ఇప్పటికీ తెలియదు, రోడ్డు తీర్మానం మాత్రం రెండు పేజీలొచ్చింది.

దోమతెరల గూడేనికి మొన్న మళ్ళీ సభ పెట్టారు, కోర్టులో మేం గోల చేస్తే పాత తీర్మానం పక్కన పెట్టి కొత్తగా పెడతామన్నారు. నేను వెనకాల చింతచెట్టు కింద కూర్చున్నాను. ఎవరో చూసుకోకుండా సంత రోజున పెట్టారు, సగం మంది మిరియాలు, పిప్పళ్ళు అమ్ముకోవడానికి దిగిపోయారు. కార్యదర్శి పుస్తకం తెరిచి, వచ్చిన వాళ్ళ పేర్లు రాసుకుని, సరే మొదలెడదామా అన్నాడు. ఆ పెద్దావిడ లేచి తలలు లెక్కపెట్టింది, వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ, పిల్లల్ని వదిలేసి. మళ్ళీ లెక్కపెట్టింది. "ఆరుగురు తక్కువ బాబూ, ఇది సభ కాదు" అంది. కార్యదర్శి నా వైపు చూశాడు, నేను చెట్టు వైపు చూశాను. ఆయన నిట్టూర్చి "కోరం లేనందున వాయిదా" అని రాసి సంతకం పెట్టాడు. ఆవిడ మనవడు ఆ పేజీని ఫొటో తీశాడు, కాస్త మసగ్గా వచ్చిందని ఇంకోటి తీశాడు.